వాక్-ఇన్ కూలర్ తలుపు చివరి రెండంగుళాలు మూసుకోవడం లేదు: క్లోజర్ మార్చాలా, బందులు (హింజులు) చూడాలా?

దోశపెనం | ఫ్రిస్కో, టెక్సస్ | శనివారం రాత్రి 11:20

అందరికీ నమస్కారం. ఇక్కడ రెండేళ్లుగా చిన్న టిఫిన్ హోటల్ నడుపుతున్నాను. పాత యజమాని నుంచి హోటల్‌తో పాటు 8 అడుగులకు 10 అడుగుల వాక్-ఇన్ కూలర్ (మనిషి లోపలికి నడిచి వెళ్లగల చల్లటి గది) కూడా నా చేతికి వచ్చింది. దాని తలుపు వెడల్పు 34 అంగుళాలు, ఎత్తు 78 అంగుళాలు. రెండు నెలలుగా ఈ తలుపు వదిలేస్తే దగ్గర దాకా వచ్చి, సుమారు రెండంగుళాల సందు మిగిల్చి ఆగిపోతోంది. చేత్తోనో, చేతులు ఖాళీ లేకపోతే మోకాలితోనో నెడితే తప్ప గాస్కెట్ (తలుపు అంచు చుట్టూ ఉండే మెత్తటి పట్టీ) అతుక్కోవడం లేదు. మధ్యాహ్నం రద్దీలో రెండు చేతులా గిన్నె పట్టుకుని బయటికి వచ్చిన మనిషి మళ్లీ వెనక్కి తిరిగి తలుపు నెడతాడని ఆశించడం అత్యాశే.

ఈ సంగతి నాకు మొదట చెప్పింది పిండి. తలుపు పక్కన పెట్టిన దోశపిండి బకెట్ల మూతలు తెల్లవారేసరికి పైకి లేచి ఉంటున్నాయి. లోపలి గోడ వైపు పెట్టినవి మాత్రం పెట్టినవి పెట్టినట్టే ఉంటున్నాయి. థర్మామీటరు 44 నుంచి 46 డిగ్రీల ఫారెన్‌హీట్ మధ్య చూపిస్తోంది. ఇక్కడి ఆహార నియమావళి ప్రకారం ఇలాంటి పదార్థాలు 41 డిగ్రీలు, అంటే 5 డిగ్రీల సెల్సియస్, దాటకూడదు. గదిని చల్లబరిచే ఎవాపరేటర్ కాయిల్ మీద మంచు పేరుకుంటోంది, కంప్రెసరుకు విశ్రాంతి లేదు. తలుపు పైభాగాన ఉన్న క్లోజర్ (తలుపును దానంతట అదే మూసే పరికరం) కింద నల్లటి నూనె చార కనిపిస్తోంది.

ఒక టెక్నీషియన్ వచ్చి, ఫోటో తీసుకుని, క్లోజర్ మార్చడానికి 480 డాలర్లు అవుతుందని చెప్పి వెళ్లాడు. డ్రిల్లు, స్పానర్లు నా దగ్గర ఉన్నాయి. స్వయంగా మార్చుకోవచ్చా? ఆర్డర్ పెట్టే ముందు ఏమేమి చూసుకోవాలో అనుభవం ఉన్నవారు చెప్పగలరు.


చల్లగది | విజయవాడ | ఆదివారం ఉదయం 7:05

దోశపెనం గారూ, నూనె చార కనిపించిందంటే ఆ క్లోజర్ పని అయిపోయినట్టే, అందులో సందేహం లేదు. అయితే మీ తలుపు రోగం అదొక్కటే అయి ఉంటుందని నేను అనుకోవడం లేదు. ఇరవై రెండేళ్లుగా కోల్డ్ రూముల పనే చేస్తున్నాను. క్లోజర్ పోయిందని పిలిస్తే వెళ్లిన చోట సగం సార్లు అసలు దోషం బందుల్లోనో గాస్కెట్‌లోనో దొరికింది.

ముందు ఈ క్లోజర్ చేసే పని ఎంతో తెలుసుకోవాలి. ఆఫీసుల్లో గాజు తలుపుకు ఉండే క్లోజర్ తలుపును మొదటి నుంచి చివరి దాకా తానే లాక్కొస్తుంది. వాక్-ఇన్ తలుపు క్లోజర్ అలాంటిది కాదు. దాని పని ఆఖరి నాలుగైదు అంగుళాలకే పరిమితం. తలుపు ఆ దూరానికి వచ్చేసరికి చేయి చివర ఉన్న రోలరు ఎదుటి కొక్కెంలోకి దిగుతుంది. లోపలి స్ప్రింగు ఆ చేతిని లాగి, తలుపును గాస్కెట్‌కు ఆనుకునే దాకా బిగిస్తుంది. ఆ లాగుడు దబ్బున పడకుండా నూనె ఆపుతుంది. గది బిగుతుగా ఉంటుంది కాబట్టి మూసుకునే తలుపు లోపలి గాలిని కాస్త నొక్కుతుంది, ఆ గాలి తలుపును తిరిగి బయటికి తోస్తుంది. చివరి అంగుళాల్లో ప్రత్యేకంగా ఒక లాగుడు అవసరం కావడానికి గాస్కెట్ గట్టితనంతో పాటు ఇదీ కారణమే.

అక్కడి దాకా తలుపును తెచ్చే బాధ్యత బందులది. వాక్-ఇన్ తలుపులకు ఎక్కువగా క్యామ్ బందులు వాడతారు. వాటి లోపల ఏటవాలుగా కోసిన రెండు నైలాన్ ముక్కలు ఒకదాని మీద ఒకటి కూర్చుని ఉంటాయి. తలుపు తెరుస్తుంటే పై ముక్క ఏటవాలు మీదికి ఎక్కి తలుపును కొద్దిగా పైకి లేపుతుంది, వదిలేస్తే తలుపు తన బరువుతోనే కిందికి జారుతూ మూసుకుంటుంది. ఏళ్ల తరబడి తిరిగి ఆ నైలాను అరిగిపోతే ఏటవాలు చదునైపోతుంది. అప్పుడు తలుపు లేవదు, జారదు, ఎక్కడ వదిలితే అక్కడే నిలబడుతుంది.

కాబట్టి డబ్బు ఖర్చు పెట్టే ముందు ఒక పరీక్ష చేయండి. కొక్కెం స్క్రూలు విప్పి దాన్ని పక్కన పెట్టండి. ఇప్పుడు క్లోజర్ ప్రమేయం లేదు. తలుపును సగం దాకా తెరిచి వదలండి. బందులు బాగుంటే అది తనంతట తానే దాదాపు గాస్కెట్ తాకే దాకా రావాలి. తెరిచేటప్పుడు తలుపు కింది అంచు నేల నుంచి ఎంత లేస్తోందో కూడా స్కేలు పెట్టి చూడండి. ఇదే పరీక్ష ఎవాపరేటర్ ఫ్యాను తిరుగుతున్నప్పుడు ఒకసారి, ఆపి ఒకసారి చేయండి. కొన్ని గదుల్లో ఫ్యాను గాలి నేరుగా తలుపు మీదికే కొడుతూ ఉంటుంది.


ఈశాన్యమూల | ఎడిసన్, న్యూజెర్సీ | ఆదివారం ఉదయం 9:40

నాకు కిరాణా దుకాణం ఉంది, రెండు వాక్-ఇన్‌లు ఉన్నాయి. ఇంత పరిశోధన అవసరమా అనిపిస్తోంది. నూనె కారింది, క్లోజర్ పోయింది, కొత్తది బిగించుకుంటే సరిపోతుంది. పైగా ఈ దేశంలో వాక్-ఇన్ తలుపుకు ఆటోమేటిక్ క్లోజర్ ఉండాలని చట్టమే ఉంది కాబట్టి ఎలాగూ మార్చక తప్పదు.


కొలతబద్ద | హైదరాబాద్ | ఆదివారం ఉదయం 10:15

చట్టం మాట వచ్చింది కాబట్టి కొంచెం వివరంగా చెప్పుకోవడం మంచిది. నేను పఫ్ ప్యానెళ్లు (మధ్యలో ఫోము నింపిన గోడ పలకలు), కోల్డ్ రూము తలుపులు తయారు చేసే వర్క్‌షాపులో పని చేస్తాను. ఎగుమతి ఆర్డర్ల కోసం ఆ నిబంధనలు చదవాల్సి వచ్చింది. అమెరికాలో 2007లో వచ్చిన ఇంధన చట్టం ప్రకారం 2009 జనవరి 1 నుంచి తయారైన వాక్-ఇన్ కూలర్లకు, ఫ్రీజర్లకు ఆటోమేటిక్ క్లోజర్ ఉండాలి. పూర్తిగా మూసుకోవడానికి ఒక అంగుళం దూరం దాకా వచ్చిన తలుపును అది గట్టిగా మూసేయాలి. 3 అడుగుల 9 అంగుళాల కన్నా వెడల్పైన, లేదా 7 అడుగుల కన్నా ఎత్తైన తలుపులకు మాత్రం మినహాయింపు ఉంది. 34 అంగుళాల వెడల్పు, 78 అంగుళాల ఎత్తు ఉన్న తలుపు ఈ మినహాయింపులోకి రాదు. తలుపు తెరిచి ఉన్నప్పుడు వేడిగాలి లోపలికి రాకుండా ప్లాస్టిక్ పట్టీల తెర, స్ప్రింగు తలుపు వంటి మరో ఏర్పాటు కూడా ఉండాలని అదే నిబంధన చెబుతుంది.

ఇది ప్రధానంగా తయారీదారుడి కోసం రాసిన నిబంధన. మీ దగ్గరికి వచ్చే ఆరోగ్య శాఖ తనిఖీ అధికారి మొదట చూసేది థర్మామీటరునే. అక్కడ 46 కనిపిస్తే క్లోజర్ ఎప్పుడు కొన్నారని ఆయన అడగరు.

ఈశాన్యమూల గారి మాటలో ఒక చిక్కు ఉంది. క్లోజర్ పోయింది నిజమే, కానీ బందులు కూడా అరిగి ఉంటే కొత్త క్లోజర్ రోలరు కొక్కెం దాకా రానే రాదు. వచ్చినా, కిందికి వాలిన తలుపును ప్రతిసారీ పక్కకు లాగుతూ కొత్త రోలరు కూడా ఏడాదిలో అరుగుతుంది.


దోశపెనం | ఫ్రిస్కో, టెక్సస్ | సోమవారం రాత్రి 10:50

సోమవారం మాకు సెలవు కాబట్టి చల్లగది గారు చెప్పిన పరీక్ష ఈరోజు చేశాను. కొక్కెం తీసేశాక తలుపును సగం తెరిచి వదిలితే అది కదల్లేదు. పావు వంతు తెరిచి వదిలితే కాస్త దూరం వచ్చి, నాలుగంగుళాల సందు దగ్గర ఆగిపోయింది. ఫ్యాను ఆపితే మూడంగుళాల దాకా వచ్చింది. తెరిచినప్పుడు కింది అంచు పైకి లేవడం నా కంటికి కనిపించనే లేదు. పైగా తలుపు కింద ఉన్న రబ్బరు పట్టీ నేలను రాసి, రాసి, విల్లు ఆకారంలో ఒక నల్లటి గీత పడి ఉంది. రెండేళ్లుగా రోజూ ఆ గీత మీదుగా నడుస్తూ అది టైలు మరక అనుకున్నాను.

తలుపు మీద రసమట్టం పెట్టి చూస్తే గొళ్లెం వైపు కిందికి వాలి ఉంది. తలుపు మూసి, గాస్కెట్ మధ్య ఒక డాలర్ నోటు ఉంచి లాగే పరీక్ష కూడా చేశాను. బందుల వైపు, కింద నోటు గట్టిగా పట్టుకుంది. గొళ్లెం వైపు పై మూలలో మాత్రం వేలితో తీసినంత తేలికగా వచ్చేసింది.

ఒక తప్పు కూడా ఒప్పుకోవాలి. ఆత్రంలో శనివారం రాత్రే, ఇక్కడ ప్రశ్న అడిగిన అరగంటకే, ఫోటోలో అచ్చం మాదానిలాగే కనిపించిన క్లోజర్‌కు ఆర్డర్ పెట్టేశాను. అది రేపు వస్తుంది.


కొలతబద్ద | హైదరాబాద్ | మంగళవారం ఉదయం 11:30

ఫోటో చూసి కొన్నారంటే ఆఫ్‌సెట్ చూడలేదనే అనుకుంటున్నాను. పెట్టె మీద ఏమని రాసి ఉందో చూడండి.

తలుపు ముఖం, ఫ్రేము ముఖం ఒకే మట్టంలో ఉంటే దాన్ని ఫ్లష్ అంటారు. తలుపు ఫ్రేము మీదికి ఎక్కి కూర్చునే రకమైతే తలుపు ముఖం ఫ్రేము కన్నా ముందుకు పొడుచుకు వస్తుంది. ఆ తేడాయే ఆఫ్‌సెట్. కేసన్ వంటి అమెరికన్ తయారీదారుల క్లోజర్లు, ఉదాహరణకు బాగా వాడుకలో ఉన్న 1094 రకం, ఒకే రూపంలో ఉన్నట్టు కనిపించినా ఆఫ్‌సెట్‌ను బట్టి వేర్వేరు కొలతల్లో అమ్ముతారు. ఫోటోలో ఈ తేడా తెలియదు. తప్పు కొలత బిగిస్తే రోలరు కొక్కేనికి ముందుగానో వెనుకగానో పోతుంది, లేకపోతే కొక్కెం అంచును గుద్దుకుంటుంది.

కొలిచే పద్ధతి తేలికే కానీ రెండు జాగ్రత్తలు ఉన్నాయి. తలుపు పూర్తిగా మూసి, గొళ్లెం పడి, గాస్కెట్ నొక్కుకుని ఉన్నప్పుడే కొలవాలి. మీ తలుపు తనంతట తాను మూసుకోదు కాబట్టి ఎవరినైనా ఒత్తిపట్టుకోమనండి. ఇక, కొక్కెం ఎక్కడ బిగుస్తుందో సరిగ్గా అక్కడే కొలవాలి, తలుపు మధ్యలో కాదు. ఒక ఇనుప స్కేలును తలుపు ముఖానికి ఆనించి ఫ్రేము మీదికి చాచండి. స్కేలుకు, ఫ్రేముకు మధ్య మిగిలిన లోతును ఇంకో స్కేలుతో చూడండి. ఒకసారి కాదు, మూడుసార్లు.

అయితే బందుల్లో కొత్త క్యామ్‌లు, అంటే ఆ ఏటవాలు నైలాన్ ముక్కలు, వేసి, తలుపు నిటారుగా నిలబడ్డాకే ఈ కొలత తీయండి. వాలిన తలుపు మీద తీసిన కొలతకు విలువ లేదు.


ఈశాన్యమూల | ఎడిసన్, న్యూజెర్సీ | మంగళవారం సాయంత్రం 6:10

నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. ఇప్పుడే మా పాల కూలర్ కింద టార్చిలైటు వేసి చూశాను. మా నేల మీద కూడా అదే విల్లు గీత ఉంది.


రాగిగొట్టం | కువైట్ | మంగళవారం రాత్రి 11:45

ఇంతవరకూ అందరూ సరైన మాటలే చెప్పారు. బిగించేటప్పుడు జరిగే ప్రమాదం గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి నాకు జరిగినది రాస్తున్నాను. నేను ఇక్కడ హోటళ్ల వంటగదుల మెయింటెనెన్స్‌లో ఉన్నాను, మాది రాజమండ్రి దగ్గరి పల్లె.

కొత్తగా చేరిన రోజుల్లో ఒక పెద్ద హోటల్ ఫ్రీజర్‌కు క్లోజర్ మార్చడానికి వెళ్లాను. పాత రంధ్రాలు గుల్లబారిపోయాయి కదా అని, వాటికి అంగుళం పక్కన, ఫ్రేము అంచుకు దగ్గరగా కొత్త రంధ్రం వేశాను. డ్రిల్లు బిట్టు రేకు దాటి లోపలికి దిగగానే చిన్నగా చిటుక్కుమంది, మరుక్షణం బ్రేకరు పడిపోయింది. తలుపు ఫ్రేము రేకు వెనుక చుట్టూ ఒక సన్నటి హీటరు తీగ నడుస్తుంది. గాస్కెట్ ఫ్రేముకు గడ్డకట్టుకుపోకుండా, తేమ పట్టకుండా అది ఫ్రేమును వెచ్చగా ఉంచుతుంది. నా బిట్టు ఆ తీగను తెంపేసింది. ఇక్కడి కరెంటు 240 వోల్టులు. నా చేతికి రబ్బరు తొడుగు ఉంది, బ్రేకరు సమయానికి పడింది, కాబట్టి ఈరోజు ఇక్కడ రాస్తున్నాను. రెండు రోజుల్లో ఆ ఫ్రేము చుట్టూ మంచు కట్టి తలుపు అతుక్కుపోయింది. పట్టీలు ఊడదీసి కొత్త తీగ వేయించడానికి అయిన ఖర్చుతో పది క్లోజర్లు కొనవచ్చు.

కాబట్టి దోశపెనం గారూ, మీది కూలరే అయినా సరే, తలుపు ఫ్రేముకు, లైటుకు వెళ్లే బ్రేకర్లు రెండూ ఆపి, టెస్టరుతో చూసి, ఆ తరువాతే డ్రిల్లు ముట్టుకోండి. వీలైనంత వరకూ పాత రంధ్రాలే వాడండి. కొత్త రంధ్రం తప్పదనుకుంటే బిట్టుకు కొస నుంచి పావు అంగుళం దగ్గర రంగు టేపు చుట్టి, టేపు రేకును తాకగానే ఆపేయండి. రేకు దాటితే లోపల ఉన్నది ఫోమే. స్క్రూ పట్టు అంతా ఆ రేకుదీ, తయారీలో రేకు వెనుక పెట్టిన ఇనుప పట్టీదీ మాత్రమే. లోతుగా వేసినంత మాత్రాన గట్టిగా పట్టదు.


చల్లగది | విజయవాడ | బుధవారం ఉదయం 6:30

రాగిగొట్టం గారు చెప్పినది గోడకు రాసి పెట్టుకోవలసిన మాట. నేను రంధ్రాల సంగతి పూర్తి చేస్తాను. పాత రంధ్రంలో మర గుల్లబారి స్క్రూ ఊరికే తిరుగుతుంటే, ఒక సైజు లావు స్టెయిన్‌లెస్ స్క్రూ వేసి చూడవచ్చు. అదీ పట్టకపోతే రివెట్ నట్ వేయండి. దాన్ని రంధ్రంలో పెట్టి బిగిస్తే వెనుక వైపు ఉబ్బి రేకును కరుచుకుంటుంది, లోపల మర ఉంటుంది కాబట్టి బోల్టు ఎన్నిసార్లయినా విప్పి బిగించుకోవచ్చు. వాడకుండా మిగిలిపోయిన ప్రతి పాత రంధ్రాన్నీ సిలికాన్‌తో మూసేయండి. ఆ రంధ్రం గుండా తేమ ఫోములోకి దిగితే ఆ చోట ప్యానెల్ చలిని ఆపడం మానేస్తుంది. బయట చెమట పడుతుంది, తరువాత రేకు తుప్పు పట్టి ఉబ్బుతుంది.

క్యామ్‌లు మార్చే పని ఒంటరిగా పెట్టుకోకండి. తలుపును నిలువుగా పైకెత్తి పిన్నుల నుంచి తీయాలి. అది చూడ్డానికి ఫోము పలకలాగే ఉన్నా ఇద్దరు మనుషుల బరువు పని. ఎడమ చేతి తలుపుకు, కుడి చేతి తలుపుకు క్యామ్‌లు వేరుగా ఉంటాయి, ఏటవాలు తిరగబడుతుంది. తలుపు తీయడానికి ముందే లోపలి సరుకును ఇంకో ఫ్రిజ్‌లోకి మార్చండి.

కువైట్ మాట వింటే మా దగ్గరి ఒక మిఠాయి దుకాణం గుర్తొచ్చింది. వాళ్లు గాజు తలుపుకు వేసే మామూలు హైడ్రాలిక్ క్లోజర్‌ను మైనస్ 18 డిగ్రీల ఫ్రీజర్ లోపలి వైపు బిగించుకున్నారు. ఆ చలికి నూనె చిక్కబడి, తలుపు మూసుకునే లోగా మనిషి లోపలికి వెళ్లి కోవా పెట్టె తెచ్చుకోవచ్చు. ఆ పద్ధతి మాత్రం ఎవరూ ప్రయత్నించకండి.


దోశపెనం | ఫ్రిస్కో, టెక్సస్ | బుధవారం రాత్రి 11:10

కొలతబద్ద గారి అనుమానం నిజమైంది. వచ్చిన పెట్టె మీద ఫ్లష్ అని రాసి ఉంది. మా తలుపు ఫ్రేము మీదికి ఎక్కి కూర్చునే రకం. దాన్ని వెనక్కి పంపేశాను. మా తలుపు కుడి చేతిదని నిర్ధారించుకుని, ముందు క్యామ్‌లు మాత్రమే తెప్పించుకుంటున్నాను. వచ్చే సోమవారం మా బావమరిది సాయంతో తలుపు దింపుతాను.

ఒక చిన్న సందేహం. ప్లాస్టిక్ పట్టీల తెర బాగా వేసుకుంటే ఈ క్లోజర్ గొడవ లేకుండా గడిచిపోదా అని మా వంట మాస్టారు అడుగుతున్నారు.


కొలతబద్ద | హైదరాబాద్ | గురువారం ఉదయం 10:00

గడవదు. తెర పని తలుపు తెరిచి ఉన్న నిమిషాల్లో, క్లోజర్ పని మిగిలిన ఇరవై మూడు గంటల్లో. రాత్రంతా రెండంగుళాల సందు ఉంటే పట్టీల మధ్య నుంచి తేమ నిదానంగా లోపలికి వస్తూనే ఉంటుంది. మీ కాయిల్ మీది మంచు అక్కడి నుంచి వచ్చిందే. రెండూ ఉంటే మంచిది.


దోశపెనం | ఫ్రిస్కో, టెక్సస్ | సోమవారం సాయంత్రం 5:30

ఈరోజు ఉదయం తలుపు దింపాము. పాత క్యామ్‌లు చేతిలోకి తీసుకోగానే సమాధానం దొరికింది. కొత్త ముక్కకు గోపురం వాలులాంటి స్పష్టమైన కోత ఉంటే, పాతదానికి అదే చోట సబ్బుబిళ్ల అరిగినట్టు నున్నటి గుంట మిగిలింది. కింది బందులోదైతే రెండు చెక్కలుగా విరిగి ఉంది. కొత్తవి వేసి తలుపు ఎక్కించాక, తెరిచినప్పుడు కింది అంచు దాదాపు అర అంగుళం లేస్తోంది. సగం తెరిచి వదిలితే కొక్కెం లేకుండానే గాస్కెట్ దాకా వస్తోంది. రసమట్టంలో బుడగ మధ్యలో నిలిచింది. ఆ తరువాతే ఆఫ్‌సెట్ కొలిచాను. మూడుసార్లూ 1-1/8 అంగుళమే వచ్చింది. వాలిన తలుపు మీద కుతూహలం కొద్దీ పోయిన వారం తీసిన కొలత 1-3/8. కొలతబద్ద గారు ఆగమనకపోయి ఉంటే రెండోసారి కూడా తప్పు పెట్టెనే తెప్పించుకునేవాడిని.

గొళ్లెం వైపు పై మూలలో గాస్కెట్ మడత పడి ఉందని గమనించాను. వేడినీళ్లలో ముంచిన గుడ్డతో పది నిమిషాలు కాపితే చాలావరకు సర్దుకుంది, నోటు ఇప్పుడు అక్కడ కూడా పట్టుకుంటోంది.

కొత్త క్లోజర్ గురువారం వస్తుంది.


దోశపెనం | ఫ్రిస్కో, టెక్సస్ | గురువారం రాత్రి 11:55

క్లోజర్ బిగించాను, కానీ ఇంకా కుదరలేదు. బ్రేకర్లు రెండూ ఆపి, టెస్టరు పెట్టి చూసుకున్నాను. పెట్టెలో వచ్చిన కాగితం నమూనాను టేపుతో అతికించి చూస్తే నాలుగు రంధ్రాలూ పాతవాటితో కలిశాయి. ఒకటి గుల్లబారి ఉంటే రివెట్ నట్ వేశాను. కొత్త రంధ్రం వేయాల్సిన అవసరం రాలేదు. ఇబ్బంది ఏమిటంటే తలుపు ఇప్పుడు చివరి మూడంగుళాల్లో తుపాకీ పేలినట్టు దబ్బున మూసుకుంటోంది. ఆ దెబ్బకు పక్క అరలోని పచ్చడి సీసాలు గలగలమంటున్నాయి. సర్దుబాటు స్క్రూ ఒక పూర్తి చుట్టు తిప్పితే ఈసారి అసలు మూసుకోవడమే మానేసింది.


చల్లగది | విజయవాడ | శుక్రవారం ఉదయం 6:15

ఒక పూర్తి చుట్టు చాలా ఎక్కువ. ఆ స్క్రూను పావు చుట్టు కన్నా ఎక్కువ ఎప్పుడూ తిప్పకండి. తిప్పిన ప్రతిసారీ తలుపును అయిదారు సార్లు తెరిచి మూసి, నూనె సర్దుకున్నాక తేడా చూడండి. ఇంకో సంగతి, మీరు ఈ పని చేసినప్పుడు గది ఆపి ఉందా? తలుపు, క్లోజర్ వెచ్చబడి ఉన్నప్పుడు నూనె పలుచగా ఉంటుంది, అడ్డుకోవడం తగ్గుతుంది, దబ్బున పడుతుంది. గది మామూలు చలికి వచ్చి కొన్ని గంటలు గడిచాక సర్దుబాటు చేయాలి.

స్క్రూ కన్నా ముందు కొక్కెం చోటు చూడండి. దాని రంధ్రాలు పొడుగ్గా ఉంటాయి, జరుపుకోవడానికే అలా చేస్తారు. తలుపు నిదానంగా మూస్తూ, రోలరు కొక్కెం నోటికి సరిగ్గా మధ్యలో దిగుతోందో, అంచును రాసుకుంటూ ఎక్కుతోందో పక్క నుంచి గమనించండి. రాసుకుంటుంటే ఎంత సర్దుబాటు చేసినా ఒకసారి దబ్బున పడుతుంది, ఒకసారి ఆగిపోతుంది. రోలరుకు కాస్త సుద్దపొడి రాసి ఒకసారి మూస్తే కొక్కెం మీద ఎక్కడ తగిలిందో మచ్చ పడుతుంది.


రాగిగొట్టం | కువైట్ | శుక్రవారం మధ్యాహ్నం 1:20

సర్దుబాటు ముగిశాక ఒక పని మరచిపోవద్దు. మీరే గది లోపలికి వెళ్లి, బయట ఒక మనిషిని నిలబెట్టి, తలుపు పూర్తిగా మూసుకుని గొళ్లెం పడనిచ్చి, లోపలి విడుదల గుబ్బను నొక్కి బయటికి రండి. ఇన్నాళ్లూ మీ తలుపు సరిగ్గా మూసుకోలేదు కాబట్టి ఆ గుబ్బతో ఎవరికీ పని పడి ఉండదు. ఇకమీదట ప్రతిసారీ గొళ్లెం పడుతుంది.


దోశపెనం | ఫ్రిస్కో, టెక్సస్ | ఆదివారం రాత్రి 10:30

సుద్దపొడికి బదులు బియ్యప్పిండి రాసి చూశాను, మచ్చ కొక్కెం కింది పెదవి మీద పడింది. కొక్కేన్ని సుమారు మూడు మిల్లీమీటర్లు కిందికి జరిపాను. స్క్రూను వెనక్కి తిప్పి, మళ్లీ పావు చుట్టు చొప్పున రెండుసార్లు బిగించాను. ఇప్పుడు పూర్తిగా తెరిచి వదిలినా, సగం తెరిచి వదిలినా, ఒక్క అంగుళం సందుతో వదిలినా తలుపు నిదానంగా వచ్చి గొళ్లెం పడుతోంది. కాయిల్ మీది మంచును ఫ్యానులు నడిపించి, కంప్రెసరు ఆపి కరిగించాను. నిన్నటి నుంచి థర్మామీటరు 38, 39 మధ్యే ఉంది. క్యామ్‌లు, క్లోజర్, రివెట్ నట్లు, తప్పుగా వచ్చిన పెట్టెను వెనక్కి పంపిన ఖర్చు అన్నీ కలిపినా టెక్నీషియన్ చెప్పిన దానిలో సగానికి కాస్త పైగా అయింది. ఆయన చెప్పిన 480లో బందుల మాట లేదు.

రాగిగొట్టం గారి మాట విని లోపలికి వెళ్లాను. బయట మా బావమరిది ఉన్నాడు. గొళ్లెం పడింది. గుబ్బ నొక్కితే కదల్లేదు. రెండు చేతులూ వేసి, భుజం ఆనించి నెట్టినా కదల్లేదు. నేను తట్టాక ఆయనే బయటి నుంచి తెరిచాడు. విప్పి చూస్తే తలుపు గుండా వెళ్లే కడ్డీ తుప్పు పట్టి గొట్టానికి అతుక్కుపోయి ఉంది. మా దగ్గర రాత్రి సర్దుకునేది ఒక్క మనిషే. కడ్డీ తీసి, గీకి, ఆహారం దగ్గర వాడదగిన గ్రీజు రాసి బిగించాక ఇప్పుడు ఒక్క వేలితో నొక్కితే తెరుచుకుంటోంది. అయినా కడ్డీ మీద తుప్పు గుంటలు ఉన్నాయి కాబట్టి కొత్త గొళ్లెం సెట్టుకు ఆర్డర్ పెట్టాను. ఈసారి ముందుగా తలుపు మందం కొలిచాను, 4 అంగుళాలు. గొళ్లెం సెట్టులో ఇంకేమైనా కొలతలు చూసుకోవాలా?


కొలతబద్ద | హైదరాబాద్ | సోమవారం ఉదయం 9:50

చూసుకోవాలి. గొళ్లెం స్ట్రైక్‌కు, అంటే ఫ్రేము మీద గొళ్లెం పడే ముక్కకు, కూడా ఆఫ్‌సెట్ ఉంటుంది. మీ 1-1/8 అంగుళం అక్కడా పనికొస్తుంది, కానీ ఆ ఎత్తులో స్కేలు పెట్టి మళ్లీ ఒకసారి కొలవండి. కొత్త సెట్టు వచ్చే దాకా రాత్రి ఒంటరిగా ఎవరినీ లోపలికి పంపకండి.


దోశపెనం | ఫ్రిస్కో, టెక్సస్ | సోమవారం రాత్రి 9:15

కొలిచాను, గొళ్లెం దగ్గర 1-1/8 అంగుళమే ఉంది. ఆర్డర్‌ను అదే కొలతకు మార్చాను. అప్పటి దాకా రాత్రి సర్దుడుకు ఇద్దరు ఉండేటట్టు డ్యూటీలు మార్చాను.